బరువు మోసిన బండ్లు

కొత్త కారు బజారులోకి వచ్చిన వారానికే దాని మీద తీర్పులు వచ్చేస్తాయి. తెర ఎంత పెద్దది, పైకప్పు తెరుచుకుంటుందా, ఫోనుతో కలుస్తుందా, పోయినేటి మోడల్ మీద ఏం మారింది? వీటికి జవాబులు దొరికితే బండి మంచిచెడ్డలు తేలిపోయినట్టే లెక్క. ఈ తీర్పులన్నీ బండి కొన్న రోజు దాకానే నడుస్తాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళు అది ఎక్కడ తిరిగింది, ఏం మోసింది, మొదటిసారి ఆగిపోయినప్పుడు ఎవరు విప్పారు, రెండో చేతికి ఎంతకు పోయింది అని అడిగేవాళ్ళు తక్కువ. పల్నాడులో వాహనాల చరిత్రను ఈ రెండో వరస ప్రశ్నలతోనే చదవాలి. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో గత నూరేళ్ళలో ఏ యంత్రం నిలిచింది, ఏది వచ్చి పోయింది అని చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కంపెనీ ఏ పనికి తయారుచేసిందో ఆ ఒక్క పనికే పరిమితమైన యంత్రం ఇక్కడ నిలవలేదు. ఊరు తన బరువుకు తగ్గట్టు మలుచుకోగలిగినవి, ఊరి దగ్గరే బాగుచేయించుకోగలిగినవి నిలిచాయి. దీన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేనైతే దాన్ని తరాల తరబడి నడిచిన ఒక పరీక్ష అంటాను.

ముందు నేల సంగతి. పల్నాడు అడుగున పరుచుకున్నది సున్నపురాయి. మాచర్ల, దాచేపల్లి చుట్టూ నాపరాయి పలకలు పలకలుగా లేస్తుంది. పిడుగురాళ్ళ పేరు సున్నం బట్టీలతో ముడిపడిపోయింది. రాయి లేని చోట నల్లరేగడి: ఎండాకాలం నెర్రెలు బారుతుంది, వానపడితే చక్రాన్ని ఇరుసు దాకా మింగుతుంది. కృష్ణ ఉత్తరాన ఒరుసుకునే పారుతున్నా, లోతున పారే ఆ నీళ్ళు ఆనకట్ట వచ్చేదాకా పై పొలాలకు ఎక్కలేదు. జొన్న, సజ్జ, పశువులు, ఇంతే జీవనాధారం. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీదా నీటి ఎద్దడి మీదా కనిపించే విసుగు తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ఇలాంటి నేల మీద చక్రం తిరగడమే పెద్ద పరీక్ష. బండి చక్రానికి ఇనప పట్టా వేసే పద్ధతి చూస్తే ఆ పరీక్ష ఎలాంటిదో అర్థమవుతుంది. వడ్రంగి ఆకులు చెక్కి చక్రం కూర్చి ఇస్తే, కమ్మరి పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువగా అతికేవాడు. చుట్టూ పిడకలు పేర్చి దాన్ని ఎర్రగా కాల్చేవాడు. కాగి సాగిన పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కొయ్య అంటుకోకముందే నీళ్ళు కుమ్మరించేవారు. చల్లబడ్డ ఇనుము బిగుసుకుని ఆకులన్నిటినీ నడిమి దిమ్మలోకి నొక్కేది. రాళ్ళ బాట మీద ఆ పట్టా అరిగితే మళ్ళీ ఆ కమ్మరే, ఆ మంటే. అతనికి కూలి కళ్ళంలో మేరగా కొలిచే గింజలు. ఆ ఏర్పాటులో కమ్మరికి దక్కిన గౌరవం తక్కువేనన్నది నిజం, దాన్ని బంగారు కాలమని నేననను. కానీ బండి పుట్టిన వీధిలోనే బాగయ్యేది. పల్నాటి రైతు ఆ తర్వాత వచ్చిన ప్రతి యంత్రం నుంచీ కోరుకున్నది ఆ సౌకర్యాన్నే.

ఎద్దుబండికి ఇంధనం గడ్డి. ఈ చిన్న మాట పట్టుకుంటే పల్నాడు చరిత్రలో అందరికీ తెలిసిన ఒక ఘట్టం ఇంకో కోణంలో కనిపిస్తుంది. అడవులను రిజర్వు చేసిన బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ పశువులు మేపుకోవడానికి తలకింత అని పుల్లరి వసూలు చేసింది. 1921లో పల్నాడు రైతులు ఆ పన్ను కట్టమని తిరగబడ్డారు, పశువులను అడవిలోకి తోలారు, అధికారులకు ఊళ్ళలో ఏ సాయమూ అందకుండా వెలివేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. దీన్ని మనం అడవి సత్యాగ్రహంగా, స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా చదువుకుంటాం. అది ముమ్మాటికీ నిజం. దాంతోపాటు, దున్నడానికీ తోలడానికీ ఊరికి ఉన్న ఒకే శక్తి మీద వేసిన పన్ను కూడా అది. ఇవాళ డీజిల్ ధర ఒక్క రూపాయి పెరిగితే దుక్కి కూలి, బాడుగ, పురుగుమందు పిచికారీ ఖర్చు ఒక్కసారిగా ఎలా పెరుగుతాయో ఆలోచిస్తే, పుల్లరి మీద అంత తెగింపు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. వాహనం మీద పల్నాటివాడి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: దీన్ని మేపడానికి ఎంతవుతుంది, ఆ మేత ఎవరి చేతుల్లో ఉంది?

రైలు వచ్చింది కానీ ఈ ప్రశ్నకు అది జవాబు కాలేకపోయింది. గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వేసిన మీటర్ గేజి లైను పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే నరసరావుపేటను తాకింది. మాచర్లకు మీటర్ గేజి దారి కూడా బ్రిటిష్ పాలనలోనే అందింది. రాయి, సున్నం, పశువులు, మనుషులు అన్నీ దాని మీద కదిలాయి. అయినా రైలు స్టేషను నుంచి స్టేషనుకే వెళుతుంది. పొలం నుంచి స్టేషను దాకా మళ్ళీ ఎద్దుబండే దిక్కు. రైళ్ళ వెంట వచ్చిన ప్రైవేటు బస్సులు ఆ ఖాళీని కొంత పూడ్చాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరక్క మద్రాసు రాష్ట్రమంతటా బస్సులు బొగ్గుతో నడిచాయి. బస్సు వెనక నిలువెత్తు డబ్బా లాంటి పొయ్యి బిగించి, కట్టెబొగ్గు నింపి, చేత్తో తిప్పే పంకాతో రాజేసి, పుట్టిన గ్యాసును ఇంజనుకు పట్టించేవారు. ఎక్కుడు వచ్చినచోట ప్రయాణికులు దిగి నెట్టాల్సి వచ్చేది. కొత్త మోడళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఈ బొగ్గు బస్సును ఒక వింతగా చెప్పి దాటేస్తారు. అది అంతకంటే పెద్ద విషయమని నా నమ్మకం. సీమదొరల పెట్రోలు ఇంజనును మన అడవి కట్టెతో నడపవచ్చని, దానికి కావలసిన మార్పును మన వర్క్‌షాపుల్లోనే చేయవచ్చని ఆ ఏళ్ళు నిరూపించాయి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి బస్సులు ప్రభుత్వం చేతికి వచ్చే నాటికి, యంత్రాన్ని విప్పడం ఈ ప్రాంతానికి తెలిసిన పనే.

ఆ పని వేళ్ళూనడానికి రెండు పెద్ద కట్టడాలు తోడ్పడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మాచర్లకు దగ్గరలోనే పన్నెండేళ్ళ పాటు పని నడిచింది. మన దేశంలో దొరికే రాయి, మనకున్న మనుషుల బలం, మనకు లేని విదేశీ మారకద్రవ్యం, ఈ మూడూ లెక్కేసుకుని దాన్ని కాంక్రీటుతో కాకుండా రాతి కట్టడంగా లేపాలని నిర్ణయించారు. వేలాది కూలీలు రాళ్ళు మోశారు. యంత్రం ఉన్నా దాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ మనిషి చేతికి వదలాలి అన్న నిర్ణయం అంత పెద్ద స్థాయిలో పల్నాటి గడప ముందే జరిగింది. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆనకట్టకూ ఫ్యాక్టరీకీ లారీలు కావాలి. లారీకి డ్రైవరు, క్లీనరు, స్ప్రింగు పట్టీలు వేసేవాడు, వెల్డింగు చేసేవాడు, టైరుకు పంక్చరు అతికేవాడు కావాలి. నాపరాయి లోడు ఎత్తిన లారీ కమాను పట్టీలు ఎన్నాళ్ళుంటాయో చెప్పగలిగినవాడికి ఆ రోజుల్లో ఏ ఇంజనీరు డిగ్రీ అక్కర్లేదు. ఇనప పట్టా కాల్చిన చేతులకూ కమాను పట్టీ మార్చిన చేతులకూ మధ్య ఉన్నది ఒక తరం దూరమే.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. ఆ నీళ్ళతో పల్నాడు తన పైరునూ తన బండినీ మార్చుకుంది. నీరు పారని మిట్ట పొలాలకు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. ఒకే ఇంజను పొద్దున్నే కాలువలోంచి నీళ్ళు తోడి, మధ్యాహ్నం బెల్టు తగిలిస్తే పిండిమర ఆడించేది. ట్రాక్టరు మీద కన్ను పడింది కూడా అప్పుడే. మద్రాసులో 1960లో మొదలైన టాఫే వారి మాసీ ఫెర్గూసన్, ఫరీదాబాదు ఐషర్, పింజోరు నుంచి వచ్చిన హెచ్‌ఎంటీ, 1974 తర్వాత స్వరాజ్, ఇంకా మహీంద్రా, ఒక్కో పేరుకూ ఊళ్ళో ఒక్కో వర్గం అభిమానులు. ఆ అభిమానం రంగు చూసి పుట్టింది కాదు. ఏ ట్రాక్టరుకు కేజ్ వీల్స్ వేస్తే దమ్ములో దిగబడకుండా తిరుగుతుంది, ఏది రెండు ట్రక్కుల మట్టి లాగినా ముందు చక్రాలు లేవకుండా నిలుస్తుంది, ఏ ఇంజను చప్పుడు విని మెకానిక్కు జబ్బు చెప్పగలడు అన్నవి చూసి పుట్టింది.

ట్రాక్టరును కంపెనీ దుక్కికోసం చేసింది. పల్నాడు దాన్ని ఏడాదంతా పనిలో పెట్టింది. నాగలి, గొర్రు, గుంటక చేసిన పనులు వెనక లిఫ్టుకు తగిలించిన పనిముట్లతో అయిపోయాక, ట్రక్కు తగిలిస్తే అది సరుకు బండి. వెనక తిరిగే ఇరుసుకు బెల్టో షాఫ్టో కలిపితే నూర్పిడి యంత్రం, ఇంకొకటి కలిపితే పిచికారీ పంపు, మరొకటి కలిపితే జనరేటరు. ట్రక్కులో గడ్డి పరిచి పైన పట్టా కడితే తిరునాళ్ళకు మనుషులను తీసుకెళ్ళే వాహనం. పెళ్ళివారి సామాను, నాపరాళ్ళు, పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు, ఇసుక, ఎన్నికల మైకు, అన్నీ దాని మీదే. కొన్న అప్పు ఒక్క దుక్కి పనితో తీరదు కాబట్టే దానికి ఇన్ని పనులు కనిపెట్టారు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీకి 2016లో కేంద్రం ముగింపు పలికింది. తయారీ ఆగినా, పాత బండ్లకు విడిభాగాలు దొరికినన్నాళ్ళు పొలంలో ఆయుష్షు ఉంటుంది. షోరూములో పాతబడిపోయిన బండి పొలంలో పాతబడదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఇదంతా రైతు విచక్షణ అని ఎలా అంటారు, అప్పు ఇచ్చినవాడు ఏది కొనమంటే అది కొన్నారు కదా అని. అందులో నిజం ఉంది. భూమి తనఖా బ్యాంకులు, 1969లో జాతీయమైన వాణిజ్య బ్యాంకులు అప్పు ఇవ్వకపోతే ఆ రోజుల్లో ట్రాక్టరు చిన్నకారు రైతు ఊహకు కూడా అందేది కాదు. తర్వాత ప్రైవేటు ఫైనాన్సు వచ్చింది. వాయిదా తప్పితే బండి లాక్కెళ్ళడం వచ్చింది. పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడిన 1980ల నడిమి ఏళ్ళలో, పురుగుమందుల అప్పు పీకలదాకా వచ్చిన రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పుల చరిత్రను పక్కనపెట్టి యంత్రాల చరిత్ర రాస్తే అది అబద్ధమవుతుంది. కానీ అప్పు బండిని ఇంటి ముందుకు తేగలదే గానీ దాన్ని ఇరవై ఏళ్ళు నడిపించలేదు. అప్పు మీదే వచ్చిన బండ్లలో కొన్ని రెండేళ్ళకు చెట్టు కింద తుప్పుపట్టాయి, కొన్ని మూడు చేతులు మారి ఇంకా తిరుగుతున్నాయి. ఈ తేడా బ్యాంకు వల్ల వచ్చింది కాదు. మోసేదీ, విప్పగలిగేదీ, అమ్ముడుపోయేదీ ఏది అన్న ఊరి లెక్క వల్ల వచ్చింది.

రెండు చక్రాల బండ్ల కథలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల్లో మధ్యతరగతి కల అంటే బజాజ్ స్కూటరు. బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పట్నం ఉద్యోగికి అది సరైన బండే: ముందు బుట్ట, వెనక స్టెప్నీ, బట్టలకు మరక అంటదు. పల్నాటి డొంకల్లో, నాపరాళ్ళ గుట్టల మధ్య దాని చిన్న చక్రాలు ఇబ్బంది పెడతాయి. 1972లో కైనెటిక్ లూనా, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ ఫిఫ్టీ వచ్చాయి. పేరుకు అవి అడుగు స్థాయి బండ్లు. పట్నంలో వాటిని పాలవాళ్ళ బండి, ముసలాయన బండి అని తీసిపారేశారు. మోపెడ్‌ను దగ్గరగా చూడండి. హ్యాండిలుకూ సీటుకూ మధ్య ఇంజనూ ట్యాంకూ అడ్డం లేని ఖాళీ ఉంటుంది. ఒక యూరియా బస్తా నిలువుగా అక్కడ కూర్చుంటుంది, దాన్ని రెండు మోకాళ్ళతో ఒత్తిపట్టి నడపవచ్చు. వెనక సీటు తీసేస్తే ఇనప చట్రం బయటపడుతుంది, దానిమీద జొన్నచొప్ప మోపు అడ్డంగా వేసి తాడుతో బిగించవచ్చు. ఇరుపక్కలా కొక్కేలకు పాల క్యాన్లు. గేర్లు లేవు కాబట్టి ఒక చేత్తో పంపు గొట్టం పట్టుకున్నా నడుస్తుంది. ప్లగ్గు తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టడం పదేళ్ళ కుర్రాడికీ చాతనవుతుంది. ఇవన్నీ కలిసి దాన్ని ఎద్దుబండికి సిసలైన వారసుణ్ణి చేశాయి. 1985లో నాలుగు స్ట్రోకుల హీరో హోండా వచ్చి మైలేజీ లెక్కను తలకిందులు చేసినా, దేశంలో మోపెడ్లు చేసే కంపెనీలు ఒక్కొక్కటే మానుకున్నా, టీవీఎస్ వారి ఎక్సెల్ మోపెడ్ పల్నాటి పొలం గట్ల మీద నిలిచిపోయింది. 2015లో దానికీ నాలుగు స్ట్రోకుల ఇంజను వచ్చింది, ఆ నడిమి ఖాళీ మాత్రం అలాగే ఉంచారు. ఉంచక తప్పదు. దాన్ని కొనేది ఆ ఖాళీ కోసమే.

డబ్బు లేక చవక బండి కొన్నారు, దానికి ఇంత సిద్ధాంతం ఎందుకు అనవచ్చు. ఈ అభ్యంతరం పైకి బలంగా ఉంటుంది, లోపల బోలు. పేదరికమే కారణమైతే డబ్బు వచ్చిన ఏడాది మోపెడ్ మూలన పడాలి. పత్తికో మిరపకో ధర పలికిన ఏళ్ళలో పల్నాడులో కార్లు పెరిగాయి, స్కార్పియోలు వచ్చాయి, ఇంటికి రెండో మోటారుసైకిలు వచ్చింది. మోపెడ్ మాత్రం పోలేదు. కారు ఊళ్ళోంచి బయటికి పోవడానికి, మోపెడ్ ఊళ్ళోంచి పొలానికి పోవడానికి. కారు కొన్నవాడు పొలానికి వెళ్ళడం మానుకుంటే తప్ప రెండో దాని అవసరం తీరదు. పైగా ధర పడిపోయిన ఏడాది ముందు అమ్మేది కారునే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన జోక్యం చేసుకోవలసి వచ్చినప్పుడు, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలిన రైతు బాడుగ కూడా గిట్టుబాటు కాని పరిస్థితిలో ఉన్నాడు. అలాంటి ఏడాదిలో ఏ బండిని ఇంట్లో ఉంచుకుంటాడో చూస్తే అతని అసలు అభిప్రాయం తెలుస్తుంది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: డాబు. పల్నాడు పౌరుషం పేరుపడ్డ సీమ. బుల్లెట్టు, పెళ్ళిలో పెట్టే మోటారుసైకిలు, నాయకుడి వెనక వరసకట్టే తెల్ల బండ్లు, ఇవి చూసి ఇక్కడ వాహనం అవసరం కాదు హోదా అని వాదించవచ్చు. హోదా లేదని నేను చెప్పబోవడం లేదు. అయితే ఈ నేల తన డాబును దేనితో కొలుస్తుందో చూడాలి. మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు కదిలే ప్రభలకంటే పెద్ద ప్రదర్శన పల్నాడులో లేదు. వెదురు, సరుగుడు కర్రలు, ఇనుముతో కట్టిన ఆ నిలువు చట్రాలు 80 అడుగులు దాటి లేస్తాయి. కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళు తరాలుగా ఆ పోటీలో ఉన్నాయి. ఒకప్పుడు ఎద్దులు లాగిన ప్రభను ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. కాగితపు పూలు, రంగు గుడ్డలు ఉన్నచోట వేలాది బల్బులు, ఇప్పుడు ఎల్‌ఈడీలు. వాటికి జనరేటరు, పాటకు సౌండు పెట్టెలు. ప్రభ వెళ్ళే దారిలో కరెంటు తీగలు విప్పి, అది దాటాక మళ్ళీ కడతారు. అంత ఎత్తున్న చట్రం గతుకుల రోడ్డు మీద ఒరగకుండా, నాలుగు దిక్కులా మోకులు పట్టిన మనుషులు ట్రాక్టరు వేగాన్ని అడుగు అడుగుకూ సరిచేస్తారు. ప్రతి కొత్త సాంకేతికతా ఊళ్ళో మొదట వెలిగేది ఈ ప్రభ మీదే అన్నా తప్పులేదు. అక్కడ మెచ్చుకోలు దక్కేది కొన్నవాడికి కాదు, కట్టినవాడికి, నిలబెట్టినవాడికి, పడకుండా కొండ దాకా తెచ్చినవాడికి. బండ లాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తలకు దక్కే గౌరవం కూడా అలాంటిదే. పొలంలో ఎద్దు పని తగ్గిపోయినా అది లాగగల బరువు మీద గౌరవం తగ్గలేదు. పల్నాటి డాబు కూడా బరువుతోనే తూగుతుంది.

నా వాదనకు అసలు ఇబ్బంది వేరేచోట ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. బండిని తన పనికి మలుచుకోవడం అన్నదాన్ని ఇంతగా మెచ్చుకుంటే, ఆ మార్పుల్లో పోయిన ప్రాణాల సంగతేమిటి? సరుకు కోసం చేసిన ట్రక్కులో మనుషులను ఎక్కించడం ఇక్కడ నిత్యం కనిపించేదే. మిరప కోతల రోజుల్లో తెల్లవారుజామునే ఆటోలు, ట్రాక్టరు ట్రక్కులు కూలి ఆడవాళ్ళతో కిక్కిరిసి వెళతాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కులు యాత్రలకు కూడా తిరుగుతాయి. 2022 మే నెలాఖరులో రెంటచింతల దగ్గర, శ్రీశైలం వెళ్ళి తిరిగొస్తున్న ఇలాంటి ఒక చిన్న ట్రక్కు ఆగి ఉన్న లారీని ఢీకొని కూలి కుటుంబాలవాళ్ళు చనిపోయారు. ఇది ఊరి తెలివి అని నేననలేను. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదన్న చట్టం సరైనదే. అయితే ఆ ట్రక్కు ఎక్కినవాళ్ళు సరదాకు ఎక్కలేదు. వాళ్ళు వెళ్ళాల్సిన వేళకు, వెళ్ళాల్సిన చోటికి, వాళ్ళు ఇవ్వగలిగిన కూలి డబ్బుకు మనుషుల బండి లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఊరి నుంచి పట్నానికి దారి సులువైంది. ఆటోవాళ్ళ రాబడి తగ్గిందన్న గోడు వినిపించి, ప్రభుత్వం అక్టోబరులో వాళ్ళకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. కానీ పల్లెవెలుగు బస్సు పొలం గట్టుకు పోదు. మిరప చేలకు వెళ్ళే ఆడవాళ్ళ ప్రయాణం ఇంకా సరుకు బండిలోనే సాగుతోంది. కార్ల భద్రతకు నక్షత్రాలు లెక్కపెట్టే చర్చల్లో వీళ్ళ ప్రయాణం ఊసే రాకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పల్నాడులో రోడ్డు మీద ఎక్కువ ప్రమాదానికి ఎదురెళ్ళే మనిషి కారు కొనే మనిషి కాదు.

ఫోను గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, యార్డులో ధర ఎంత పలికిందో పొలంలో ఉండగానే తెలిసిపోతోంది. బండ్లకు వర్తించిన పరీక్షే దానికీ వర్తించింది: పగిలిన తెర నరసరావుపేటలో మారుతుందా లేదా? పిచికారీ పరికరాల చరిత్ర ఇంతకంటే ఆసక్తికరం. భుజాన వేసుకుని చేత్తో కొట్టే పంపు నుంచి పెట్రోలుతో నడిచే తైవాన్ పంపుకు, దాన్నుంచి ట్రాక్టరుకు బిగించే స్ప్రేయరుకు మారడానికి పల్నాటి రైతుకు ఎంతో కాలం పట్టలేదు. పత్తి, మిరప పైర్లకు ఎన్నిసార్లు మందు కొట్టాల్సి వస్తుందో తెలిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసిన సీజనులో ఆ తొందర ఇంకా పెరిగింది. ఇప్పుడు డ్రోన్ల వంతు. 2023 చివర్లో కేంద్రం మహిళా స్వయం సహాయక సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. మందు మనిషి ఒంటికి అంటకుండా పైనుంచి పడటం నిజంగా మేలు. భుజాన పంపు మోసినవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఆలోచించేవారెవరూ దాన్ని వద్దనరు. కానీ దాని రెక్క విరిగితే, బ్యాటరీ ఉబ్బితే, మందు కొట్టాల్సిన మూడు రోజుల గడువులో దాన్ని ఎవరు విప్పుతారు? తైవాన్ పంపు కార్బురేటరును గురజాల సెంటర్లో అరగంటలో శుభ్రం చేసిచ్చేవాడు డ్రోన్ పెట్టెను తెరవనే తెరవలేడు. తెరిచినా లోపలి సాఫ్ట్‌వేరు తాళం తీయలేడు.

ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. నిశ్శబ్దం, పొగ లేకపోవడం, కిలోమీటరు ఖర్చు తక్కువ కావడం, ఇవన్నీ పల్నాటి రైతు లెక్కకు సరిపోయేవే. ఇంట్లో కరెంటుతో మేపే బండి అంటే గడ్డి మళ్ళీ తన దొడ్లోకి వచ్చినట్టే. 2024 ఫిబ్రవరిలో కైనెటిక్ గ్రీన్ కంపెనీ లూనాను ఎలక్ట్రిక్ బండిగా మళ్ళీ తెచ్చినప్పుడు, బస్తా పెట్టుకునే ఆ నడిమి ఖాళీని దాచుకోకుండా అదే తమ బలమని చెప్పుకుంది. దశాబ్దాల తరబడి అడుగు స్థాయి అని తీసిపారేసిన ఆకారానికి ఇంజనీర్లే తిరిగి రావడం ఆలోచించదగ్గ విషయం. అయితే రాష్ట్రంలో ఎండల మాట వస్తే మొదట వినిపించే పేరు రెంటచింతలది. ఆ ఎండలో చేను గట్టున గంటల తరబడి నిలబెట్టిన బ్యాటరీ ఎన్నాళ్ళు మన్నుతుందో, మన్నకపోతే కొత్తది పెట్టడానికి బండి ఖరీదులో ఎంత వంతు పోతుందో తెలియకుండా పాత బండికి ధర కట్టలేరు. పాత బండికి ధర తేలని చోట కొత్త బండి మీద నమ్మకం కుదరదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గించినప్పుడు ట్రాక్టరు మీద పన్ను 12 శాతం నుంచి 5కు, ట్రాక్టరు టైర్లు, భాగాల మీద 18 నుంచి 5కు దిగింది. పత్రికలు ఎక్కువగా చిన్న కార్ల మీద తగ్గిన పన్ను గురించి రాశాయి. పల్నాడుకు టైర్లు, భాగాల సంగతే ముఖ్యం, ఎందుకంటే అవి చవకైతే ఉన్న బండి ఆయుష్షు పెరుగుతుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. మొదట పట్టించుకోవలసిన రంగాలుగా అది నాలుగింటిని ఎంచింది: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, మోటారు వాహనాలు. విడిభాగాలు బయట దొరకాలి, మరమ్మతు పుస్తకాలు అందరికీ అందాలి, కంపెనీ మెకానిక్కే విప్పాలన్న షరతు పోవాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. ఇంతవరకూ అది చట్టంగా గట్టిపడలేదు. కంపెనీలు భద్రత పేరు చెబుతాయి, బ్యాటరీ విషయంలో ఆ మాటలో కొంత పస ఉంది కూడా. మంటలు లేచే పెట్టెను శిక్షణ లేని చేతికి ఇవ్వమని ఎవరూ అడగరు. శిక్షణ ఇవ్వమనే అడిగేది. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ మొదలైన రోజుల్లో కమాను పట్టీ మార్చడం ఎవరికీ పుట్టుకతో రాలేదు, పని పక్కనే ఉండటం వల్ల వచ్చింది. నరసరావుపేట ఐటీఐల్లో, గురజాల షెడ్లలో బ్యాటరీ ప్యాకు విప్పడం, సెల్లు పరీక్షించడం, కంట్రోలరు మార్చడం నేర్పి, వాటి భాగాలను గుంటూరు దాటి వెళ్ళకుండా కొనుక్కునే ఏర్పాటు చేస్తే, పల్నాడు ఎలక్ట్రిక్ బండిని ట్రాక్టరంత వేగంగానే తనది చేసుకుంటుందని నా అంచనా. ఆ పని జరగని పక్షంలో ఎంత సబ్సిడీ ఇచ్చినా అవి రెండేళ్ళకు చెట్టు కిందికే చేరతాయి.